రొయ్య మేతలో ఆకు, చెక్క, పసరు: నల్లగొండ, పాలమూరు చెరువుల్లో ఏది పనికొస్తుంది?

రొయ్యల చెరువు దగ్గరికి ఇప్పుడు మేత బస్తా ఒక్కటే రావడం లేదు, దాని వెనకే డబ్బాలూ వస్తున్నాయి. మీద ఆకుల బొమ్మ, పక్కన 'పూర్తిగా మూలికలు', 'గట్ హెల్త్', 'లివర్ టానిక్', 'ఇమ్యూనిటీ బూస్టర్' లాంటి మాటలు. భీమవరం, నెల్లూరు వైపు వనామి (కోస్తాలో ఎక్కువగా పెంచే విదేశీ రొయ్య రకం) రైతు కోసం తయారైన సరుకునే, సాగర్ ఎడమ కాల్వ కింద మంచినీటి రొయ్య వేసుకునేవాళ్లకీ, పాలమూరులో బోరు నీళ్లతో కుంట నింపుకుని చేపల్లో రొయ్యలు కలిపి పెంచేవాళ్లకీ అదే మోతాదుతో వాడమని చెప్తున్నారు. చిక్కంతా ఇక్కడే. రొయ్య వేరు, నీళ్లు వేరు, పెంచే పద్ధతి వేరు.

మొక్కల పదార్థాలు రొయ్యకు బాగానే పనికొస్తాయి, అందులో అనుమానం అక్కర్లేదు. కానీ అవి చేసే పనికి ఒక హద్దుంది. తిన్న మేత వంటబట్టేలా చూస్తాయి, పేగులో చెడు బ్యాక్టీరియాను కొంత అదుపులో పెడతాయి, వాతావరణం మారినప్పుడు రొయ్య కాస్త తట్టుకునేలా చేస్తాయి. వైరస్ తగిలిన చెరువును అవి కాపాడలేవు, పాడైన నీటిని బాగుచేయలేవు, నాసిరకం సీడ్‌ను (చెరువులో వదిలే పిల్లల్ని) మంచి సీడ్‌గా మార్చలేవు. ఈ హద్దు తెలియకుండా కొన్న డబ్బా ఖర్చు మొత్తం చివరికి రైతు మీదే పడుతుంది. రొయ్యల పెంపకం ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది, దాని మీద ఇంకో ఖర్చు ఎక్కుతోందంటే లెక్క చూసుకోక తప్పదు.

ముందు ఏ రొయ్య గురించి మాట్లాడుతున్నామో తేల్చుకోవాలి. దక్షిణ తెలంగాణలో పెరిగేది ఎక్కువగా నీలకంఠ రొయ్య, వ్యాపారంలో స్కాంపి అంటారు. ఇది పెరిగేది మంచినీళ్లలోనే అయినా పిల్ల దశ మాత్రం ఉప్పు కలిసిన నీళ్లలో గడవాలి. అందుకే నదుల్లో ఉండే తల్లి రొయ్య గుడ్లతో కిందికి, సముద్రం దగ్గరికి దిగుతుంది, పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ పైకి ఎక్కుతాయి. కృష్ణా మీద అడుగడుగునా ఆనకట్టలు వచ్చాక ఆ రాకపోకలు ఆగిపోయాయి. కాబట్టి జూరాలలో గానీ, సాగర్‌లో గానీ, కోయిల్‌సాగర్‌లో గానీ రొయ్య ఉండాలంటే బయటి నుంచి పిల్లలు తెచ్చి వదలాల్సిందే, ఆ పిల్లలు ఎక్కువగా సముద్రపు నీళ్లు దొరికే కోస్తా హేచరీల నుంచే వస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2016-17లో ఉచిత చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టింది, 2017-18 నుంచి రిజర్వాయర్లలో రొయ్య పిల్లల్ని కూడా వదులుతోంది. ఆ రిజర్వాయర్లలో మేత వేసేవాళ్లు ఎవరూ ఉండరు, నీటిలో ఉన్నదే తిని పెరుగుతాయి, మత్స్యకార సంఘాలు పట్టుకుని అమ్ముకుంటాయి. అక్కడ సప్లిమెంట్ల ప్రస్తావనే అనవసరం. ఈ వ్యాసం అంతా సొంత చెరువుల్లో, కుంటల్లో మేత వేసి పెంచేవాళ్ల కోసం.

మొక్కల మేత అన్న ఒక్క పేరు కింద రెండు వేరువేరు సరుకులు నడుస్తున్నాయి. ఒకటి కిలోల్లో వేసేది: సోయా చెక్క, పల్లి చెక్క, పత్తి చెక్క, తవుడు, నూకలు. చేపపొడి ఖరీదు తగ్గించుకోవడానికి ప్రొటీన్, పిండి పదార్థం కోసం వాడతారు. రెండోది గ్రాముల్లో వేసేది: వెల్లుల్లి, పసుపు, జామాకు, నేల ఉసిరి, తిప్పతీగ, రకరకాల మూలికల సారాలు. మొదటిది ఆహారం, రెండోది మందుకు దగ్గరగా ఉండేది. వీటిని కలిపి మాట్లాడితే ఏ లెక్కా తేలదు. నిజం చెప్పాలంటే మన ప్రాంతానికి అసలు లాభం మొదటి దాంట్లో ఉంది, ప్రచారం మాత్రం రెండో దానికి జరుగుతోంది.

నీలకంఠ రొయ్య వనామి కంటే ఎక్కువగా అన్నీ తినే రకం. చెరువు అడుగున ఉండే పురుగులు, కుళ్లిన ఆకులు, నాచు, గింజలు, ఏదైనా తింటుంది, పిండి పదార్థాన్ని కూడా బాగానే వాడుకుంటుంది. పెద్దయ్యే దశలో మేతలో ప్రొటీన్ సుమారు 28 నుంచి 32 శాతం ఉంటే చాలు. ఎకరాకు పలచగా పిల్లల్ని వదిలిన చెరువులో అడుగున పుట్టే సహజ ఆహారమే మేతలో లోటును చాలావరకు పూడుస్తుంది. కాబట్టి చేపపొడి తగ్గించి చెక్కలు పెంచడానికి వనామిలో కంటే స్కాంపిలో ఎక్కువ వీలుంటుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల తవుడు దగ్గర్లోనే ఉంది, అచ్చంపేట, కల్వకుర్తి, వనపర్తి, గద్వాల మార్కెట్లకు యాసంగి పల్లి వస్తుంది, నల్లగొండలో పత్తికి కొదవ లేదు. ముడిసరుకు ఇంత దగ్గర్లో ఉండి కూడా వాడకంలో తప్పులు జరుగుతున్నాయి, అవి తెలుసుకోవడం ఏ డబ్బా కొనడం కన్నా ముఖ్యం.

పల్లి చెక్క సంగతే చూడండి. 40 శాతం పైన ప్రొటీన్ ఉంటుంది, రొయ్య ఇష్టంగా తింటుంది, ధర కూడా సోయాతో పోటీ పడుతుంది. దాని శత్రువు బూజు. పల్లీ మీద పెరిగే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది కాయ నేలలో ఉన్నప్పుడే, పంట చివర్లో ఎండ దెబ్బ తగిలినా మొదలుకావచ్చు, కోసిన తర్వాత సరిగ్గా ఆరకపోయినా మొదలుకావచ్చు, నూనె తీసిన చెక్కను వానాకాలంలో గోడకు ఆనించి, నేల మీద బస్తాలు పేర్చినా మొదలుకావచ్చు. ఉడకబెడితే పోతుందనుకుంటారు, మామూలు ఉడికింపుకు ఈ విషం పోదు. రొయ్యలో ఇది మొదట దెబ్బతీసేది హెపటోపాంక్రియాస్‌ను, రైతులు లివర్ అనేది దాన్నే. లివర్ పాలిపోవడం, ఎదుగుదల మందగించడం, ఏ కారణమూ లేకుండా రోజుకు కొన్ని చావడం, ఇవన్నీ కనిపిస్తాయి. అప్పుడు రైతు పరుగెత్తేది లివర్ టానిక్ కోసం. అంటే చవకగా వచ్చిన పాత చెక్క వేసి, అది చేసిన నష్టాన్ని తగ్గించడానికి ఖరీదైన మూలిక కొంటున్నాడన్నమాట. చెక్కను కొన్న నెలలోపే వాడుకోవడం, కర్ర పలకల మీద గాలి ఆడేలా పెట్టడం, ముక్క విరిచి చూసినప్పుడు పచ్చగా, నల్లగా మచ్చలున్నా, ముక్కిన వాసన వచ్చినా పక్కన పెట్టేయడం, వీటికి పైసా ఖర్చు లేదు. బూజు కంటికి కనిపించకపోయినా విషం ఉండొచ్చు కాబట్టి, టన్నుల్లో కొనేవాళ్లు ల్యాబ్ పరీక్ష చేయించుకోవడమే మేలు.

సోయా విషయం వేరు. ప్రొటీన్ 44 నుంచి 48 శాతం, సరఫరా కూడా స్థిరం. కానీ పచ్చి సోయాలో జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంటుంది, అది వేడికి పోతుంది, అందుకే ఫ్యాక్టరీలో వేడిచేసిన చెక్కే వాడాలి, పచ్చి గింజ మరపట్టించి వేయకూడదు. ధర విషయంలో 2021ని ఎవరూ మర్చిపోయి ఉండరు. సోయా చెక్క ధర కోళ్ల ఫారాల్ని, రొయ్యల మేతల్ని ఒకేసారి దెబ్బకొట్టింది, చివరికి ఆ ఆగస్టులో కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతించాల్సి వచ్చింది. ఒక్క ముడిసరుకు మీదే ఆధారపడితే జరిగేది అదే. పత్తి చెక్కలో గాసిపాల్ అనే పదార్థం ఉంది, కొద్దిగా అయితే ఫరవాలేదు, మేతలో పెద్ద వాటా చేస్తే ఎదుగుదల దెబ్బతింటుంది. పొట్టుతో ఉన్న చెక్కలో పీచు ఎక్కువ, రొయ్యకు అది దండగ.

తవుడు గురించి ఒక మాట. మిల్లు నుంచి వచ్చిన తాజా తవుడులో నూనె ఉంటుంది, కొద్ది రోజుల్లోనే ముక్కిపోతుంది. నూనె తీసిన తవుడు నిలవ ఉంటుంది, 15 శాతం దాకా ప్రొటీన్ ఉంటుంది, కానీ అందులో ఫాస్ఫరస్ చాలావరకు ఫైటేట్ రూపంలో బిగుసుకుపోయి ఉంటుంది. రొయ్య దాన్ని విడగొట్టలేదు. తిన్నది తిన్నట్టు రెట్టలో నీళ్లలోకి పోతుంది, నీరు పచ్చబడుతుంది, నాచు బలుస్తుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు ఒడ్డుకు చేరతాయి. మేతలో లోపం నీటి జబ్బులా బయటపడడమంటే ఇదే. ఫైటేజ్ అనే ఎంజైమ్ కలిపితే ఈ ఫాస్ఫరస్ విడుదలవుతుంది, అయితే గుళికలు చేసేటప్పటి వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి తయారైన మేత మీద చల్లుకోవాలి. అదే పనిని కొంతవరకు పులియబెట్టడం కూడా చేస్తుంది. తవుడులో బెల్లం, ఈస్ట్ కలిపి ఒకట్రెండు రోజులు పులియబెట్టి చల్లడం కోస్తాలో మామూలే, అది రొయ్యకు నేరుగా మేత అయినదాని కన్నా, నీటిలో చిన్న జీవుల్ని పెంచి వాటిని రొయ్యకు మేతగా అందించడం ద్వారా ఎక్కువ మేలు చేస్తుంది. మన దగ్గర తవుడు చవక కాబట్టి ఇది నిజంగా ప్రయత్నించదగ్గ పని. ఎక్కువైతే మాత్రం నీరు చెడుతుంది, నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్ లేని చెరువులో చేయి ఆపుకోవాలి.

పూర్తిగా మొక్కల మేతతో రొయ్యను పెంచలేమా అంటే, రెండు చోట్ల ఆగిపోతాం. చెక్కల్లో మెథియోనిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ, ఇవి బయట దొరుకుతాయి కాబట్టి పెద్ద సమస్య కాదు. రెండోది కొలెస్ట్రాల్. మనిషి శరీరం కొలెస్ట్రాల్‌ను తనే తయారుచేసుకుంటుంది, రొయ్య చేసుకోలేదు, మేతలో నుంచే రావాలి, గుల్ల విడిచే హార్మోన్ తయారవ్వాలన్నా అది కావాలి. మొక్కల్లో ఉండే స్టెరాల్స్‌ను రొయ్య కొంతవరకే మార్చుకోగలదు. అందుకని చేపపొడి గానీ, రొయ్య తలల పొడి గానీ కొంత వాటా ఉంచడం మంచిది. ఒక్క ఆకు కూడా కలపకుండా ఈ లోటు పూడిస్తే, గుల్ల విడవడం (మోల్టింగ్) సరిగ్గా లేదని వాడే చాలా మందులు అక్కర్లేకుండా పోతాయి.

ఇక గ్రాముల్లో వేసే మూలికల సంగతి. ఇవి ఎందుకు పనిచేయొచ్చో తెలియాలంటే రొయ్యకు రోగనిరోధక శక్తి ఎలా ఉంటుందో చూడాలి. మనకున్నట్టు దానికి యాంటీబాడీలు ఉండవు, ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకుని రెండోసారి ప్రత్యేకంగా ఎదుర్కొనే ఏర్పాటు మనలా ఉండదు, కాబట్టి కోళ్లకు వేసినట్టు టీకాలు వేసి కాపాడే దారి లేదు. దాని రక్తంలోని కణాలు క్రిమిని మింగడం, చుట్టుముట్టి నల్లని పొర కట్టడం, ఇలాంటి సాధారణ రక్షణే ఉంటుంది. కొన్ని మొక్కల సారాలు ఈ సాధారణ రక్షణను కొంతకాలం చురుగ్గా ఉంచుతాయి. దీని మీద మన దేశంలో గట్టి పరిశోధనే జరిగింది. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో గరిక, మారేడు, తిప్పతీగ, కటుకరోహిణి, గుంటగలగర సారాల్ని సమానంగా కలిపి టైగర్ రొయ్యకు 25 రోజులు మేతలో పెట్టి, తర్వాత తెల్లమచ్చల వైరస్ ఎక్కించారు. మూలికలు పెట్టని రొయ్యలన్నీ 7 రోజుల్లో చచ్చిపోయాయి. కిలో మేతకు 800 మిల్లీగ్రాముల సారం తిన్నవాటిలో 74 శాతం బతికాయి.

ఈ ఫలితం చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అమ్మేవాళ్లు ఇలాంటి వాటినే చూపిస్తారు. కానీ దాన్ని చెరువుకు తెచ్చేముందు అడగాల్సినవి ఉన్నాయి. అది టైగర్ రొయ్య, ట్యాంకులో, శుభ్రమైన నీళ్లలో, ఒకే సైజు ఆరోగ్యమైన రొయ్యలతో చేసింది. జబ్బు రాకముందు 25 రోజులు పెట్టారు, వచ్చిన తర్వాత మందులా వేయలేదు. అన్నిటికన్నా ముఖ్యం, వాళ్లు వాడింది ఆకుల పొడి కాదు, మెథనాల్‌తో తీసిన సారం. ఎండిన ఆకులో పదో వంతు సారం వస్తుందనుకుందాం. 800 మిల్లీగ్రాముల సారం అంటే 8 గ్రాముల ఎండు పొడితో సమానం. ఇప్పుడు డబ్బా మీద కిలో మేతకు 5 గ్రాములు అని రాసి ఉందనుకోండి, అందులో సగం పిండో కాల్షియమో అయితే అసలు మూలిక రెండున్నర గ్రాములు, అంటే పరీక్షలో పెట్టినదానిలో మూడో వంతు కూడా లేదు. సారమా, పొడా, ఎంత శాతం, పిండి ఎంత, ఇవి రాయని డబ్బాను ఏ పరిశోధన పేరుతో అమ్మినా ఆ పరిశోధనకూ దానికీ సంబంధం లేనట్టే.

ఇంట్లో దొరికే వాటిలో వెల్లుల్లికి నమ్మదగ్గ ఆధారం ఉంది. దంచినప్పుడు అందులో అల్లిసిన్ పుడుతుంది, విబ్రియో లాంటి బ్యాక్టీరియాను అది అణిచేస్తుంది. ముందే ఉడకబెడితే అల్లిసిన్ పుట్టదు, దంచి గంటల తరబడి వదిలేసినా, ఎండలో ఆరబెట్టినా తగ్గిపోతుంది. దంచి, పది నిమిషాలు ఆగి, మేతకు పట్టించి, నీడలో ఆరనిచ్చి అదే రోజు వేసుకోవాలి. పసుపు మంచిదే, అయితే అందులోని కర్‌క్యుమిన్ నీళ్లలో కరగదు, నూనెతో కలిస్తేనే కొంత ఒంటికి పడుతుంది, ఎండకూ క్షారపు నీటికీ త్వరగా విరిగిపోతుంది. నల్లగొండ బోరు నీళ్లలో పీహెచ్ 8 దాటే చోట్ల పసుపు నీళ్లలో చల్లడం దండగ ఖర్చు, నూనెలో కలిపి మేతకు పూస్తేనే అర్థం ఉంది. జామాకు రసం ల్యాబ్‌లో విబ్రియో మీద పనిచేసింది, వాడుకోవచ్చు. మునగాకు ఎండు పొడిలో పావు వంతు ప్రొటీన్, అజొల్లాలోనూ దాదాపు అంతే, వీటిని మందుగా చూడకుండా మేతలో చిన్న భాగంగా చూస్తే బాగుంటుంది.

రొయ్య మేతను చేపలా మింగదు. కాళ్లతో పట్టుకుని, కొరుకుతూ, నెమ్మదిగా తింటుంది, ఈలోపు మేత నీళ్లలో నానుతుంది, పైన పూసిన మందు కరిగి పోతుంది. అంటించే జిగురు (బైండర్) లేకుండా ఆకు రసం చల్లిన మేతలో చాలా భాగం రొయ్య నోటికి చేరకముందే నీటిపాలవుతుంది. గోరుచిక్కుడు జిగురు, గుడ్డు తెల్లసొన, చిక్కటి గంజి, ఏదైనా సరే పూతగా వేయాలి. గ్లాసు నీళ్లలో నాలుగు గుళికలు వేసి అరగంట చూస్తే చాలు, రంగు నీళ్లలోకి దిగిపోతోందో గుళికకే అంటుకుని ఉందో తెలిసిపోతుంది.

చేపలతో కలిపి పెంచే చెరువుల్లో ఇంకో నష్టం ఉంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. రోహు, బంగారుతీగ ఉన్న చెరువులో పగలు వేసిన మునిగే మేతను ముందు అవే తినేస్తాయి. రొయ్య కోసం కొన్న మూలిక చేప కడుపులోకి పోతుంది. చేపకు పగలు తేలే మేత కడుపునిండా వేసి, చీకటి పడ్డాక, నీలకంఠ రొయ్య చురుగ్గా తిరిగే వేళకు, ఒడ్డు చుట్టూ లోతు తక్కువ ఉన్న చోట మునిగే మేత వేస్తే కొంత దక్కుతుంది. చెక్ ట్రేలో (మేత ఎంత తింటున్నాయో చూసే పళ్లెంలో) రొయ్యలు కనిపించకుండా మేత మాయమవుతుంటే అది ఎవరు తింటున్నారో వేరే చెప్పక్కర్లేదు.

'సహజమే కదా, నష్టమేముంది' అన్న మాట దగ్గర గట్టిగా ఆగాలి. రొయ్య పురుగులకు దగ్గరి చుట్టం. రెండూ గుల్ల విడిచే పెరుగుతాయి, ఆ పని నడిపించే హార్మోన్ కూడా ఒకే కుటుంబానిది. వేపలో ఉండే అజాడిరాక్టిన్ పురుగును చంపేది సరిగ్గా ఆ హార్మోన్ పనిని చెడగొట్టే. పొలంలో పురుగు గుల్ల విడవలేక చస్తుంటే సంతోషించే రైతు, అదే వేప నూనెను రొయ్యల చెరువులో పోయడం ఎంత ప్రమాదమో ఆలోచించాలి. కొద్ది మోతాదులో వేపాకు మేతలో పెట్టిన పరీక్షలు ఉన్నాయి, కానీ కొలత లేకుండా కషాయం కాచి పోయడం దానికి పూర్తిగా వేరు. ఇప్ప చెక్క, టీ గింజల చెక్క సంగతి ఇంకా స్పష్టం. వీటిలోని సపోనిన్ చేప మొప్పల్లోకి దిగి చంపుతుంది, రొయ్యకు ఆ మోతాదులో హాని తక్కువ, అందుకే రొయ్యల చెరువులో పిచ్చి చేపల్ని తీయడానికి టీ గింజల చెక్క వాడతారు. చేప, రొయ్య కలిపి పెంచే చెరువులో అదే పని చేస్తే చేపలన్నీ తేలిపోతాయి. రెండూ మొక్కల నుంచి వచ్చినవే.

ఆకు ఎక్కడి నుంచి కోశారన్నది కూడా చూడాలి. నల్లగొండ, నాగర్‌కర్నూల్ అంతా పత్తి, మిరప. పురుగు మందుల్లో సైపర్‌మెత్రిన్ లాంటివి రొయ్యకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. పత్తి చేను గట్టు మీది జామచెట్టు ఆకు, మందు కొట్టిన బత్తాయి తోటలో రాలిన కాయల తొక్కు, వీటిని ఎండబెట్టి మేతలో కలిపితే మూలిక పేరుతో పురుగుమందు పెట్టినట్టు అవుతుంది. మందు కొట్టని పెరటి చెట్టు ఆకు అయితేనే ముట్టుకోవాలి.

నీళ్ల సంగతి లేకుండా మేత సంగతి పూర్తి కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ గురించి అందరికీ తెలుసు. ఇలాంటి రాతి నేలల్లో బోరు నీటి కఠినత్వం కూడా చాలా చోట్ల ఎక్కువే. నీలకంఠ రొయ్య కఠినత్వం లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటిన నీళ్లలో సరిగ్గా ఎదగదు, గుల్ల గట్టిపడి మోల్టింగ్ ఆలస్యమవుతుంది. అలాంటి చెరువులో ఎదుగుదల కోసం ఏ మూలిక పెట్టినా ఫలితం రాదు. కాల్వ నీళ్లో వాన నీళ్లో కలిపి కఠినత్వం తగ్గించుకోవడమే దారి. అలాగే ఈ రొయ్యకు 28 నుంచి 31 డిగ్రీల నీళ్లు హాయిగా ఉంటాయి. డిసెంబరు, జనవరిలో పాలమూరు రాత్రులు చల్లబడ్డప్పుడు అది మేత తగ్గిస్తుంది, ఆ రోజుల్లో ఆకలి పెంచే మందు వేసి మేత పెంచితే మిగిలిన మేత అడుగున కుళ్లుతుంది.

మూలికలకు ఇంత గిరాకీ ఎందుకొచ్చిందో కూడా గుర్తు చేసుకోవాలి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు లాంటి యాంటీబయాటిక్స్‌ను రొయ్యల్లో వాడొద్దని 2002లో మన దేశంలో నిషేధించారు, ఎగుమతి సరుకులో వాటి జాడ దొరికితే వెనక్కి పంపుతారు. 2016లో యూరప్ మన రొయ్యల సరుకులో పరీక్షించే వాటాను 10 నుంచి 50 శాతానికి పెంచింది. యాంటీబయాటిక్ లేకుండా పేగు ఆరోగ్యం కాపాడుకోవాలంటే మొక్కల సారాలు, ప్రోబయోటిక్‌లు న్యాయమైన దారులే, దీన్ని ఎంతైనా ప్రోత్సహించాలి. ప్రమాదమల్లా, మూలికల పేరు రాసి లోపల యాంటీబయాటిక్ కలిపిన సరుకు. వేసిన రెండు రోజుల్లోనే పేగు జబ్బులో కనిపించే తెల్ల రెట్ట మాయమైపోయిందంటే సంతోషించే ముందు అనుమానించాలి, ఆకు అంత వేగంగా పనిచేయదు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ యాంటీబయాటిక్ లేని ఉత్పత్తులకు నమోదు ఇస్తుంది, ఆ నంబరు డబ్బా మీద ఉందో లేదో చూడొచ్చు. ఆ సంస్థ అధికారం సముద్ర తీరం వరకే కాబట్టి తెలంగాణలో అమ్మకాల మీద దాని కన్ను ఉండదు. ఆంధ్రప్రదేశ్ 2020లో చేప, రొయ్యల మేత నాణ్యత కోసం ప్రత్యేక చట్టం చేసుకుంది. కృష్ణాకు ఇటువైపు కొనేవాళ్లకూ అలాంటి రక్షణ కావాలి, ఇక్కడ రొయ్య తినేది కూడా ఎక్కువగా మనవాళ్లే.

నీలకంఠ రొయ్య చరిత్ర మర్చిపోకూడదు. 2005-06లో దేశంలో దీని ఉత్పత్తి 42 వేల టన్నులు దాటింది, నెల్లూరు జిల్లా దానికి గుండెకాయలా ఉండేది. నాలుగైదేళ్లలోనే ఆ సాగు కూలిపోయింది. తెల్లతోక జబ్బు హేచరీల్లో పిల్లల్ని తుడిచిపెట్టింది, ఒకే తల్లుల నుంచి పదే పదే పిల్లలు తీయడంతో ఎదుగుదల తగ్గింది, 2009లో వనామి రావడంతో రైతులు అటు వెళ్లిపోయారు. ఇందులో మేత లోపం కారణం కాదు, ఏ ఆకు పసరూ దాన్ని ఆపగలిగేది కాదు. తెల్లతోక వైరస్ తల్లి నుంచి పిల్లకు వస్తుంది, పెద్ద రొయ్యలు జబ్బు లక్షణాలు లేకుండానే మోస్తాయి. కాబట్టి డబ్బు ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు, వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేసిన సీడ్. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ మేలైన స్కాంపి రకాన్ని అభివృద్ధి చేసింది, మన ప్రాంతానికి ఆ పిల్లలు తెప్పించుకోగలిగితే అన్ని టానిక్‌ల కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

ఇంత తెలుసుకున్నాక కూడా ఒక సప్లిమెంట్ వాడి చూడాలనిపిస్తే, కొలిచి చూడాలి. ఒకే రోజు, ఒకే సీడ్, ఒకే లెక్కన వదిలిన రెండు కుంటల్లో ఒకదానికే పెట్టి రెండోదానికి మామూలు మేత వేయాలి. రెండు కుంటలు లేకపోతే ఒకే చెరువులో రెండు హాపాలు (వలతో చేసిన గదులు) కట్టుకోవచ్చు. స్కాంపితో ఒక మెలిక ఉంది: మగ రొయ్యలన్నీ సమానంగా పెరగవు. పొడుగు నీలి కొండీలున్న పెద్ద మగవి మిగతా చిన్న మగవాటి ఎదుగుదలను అణిచేస్తాయి. విసురు వలతో పట్టిన వాటిలో నాలుగు పెద్దవి పడ్డాయని సరుకు బాగుందనుకుంటే మోసపోతాం. పెద్ద మగవి, చిన్న మగవి, ఆడవి విడివిడిగా తూయాలి, ప్రతిసారీ కనీసం యాభై రొయ్యలైనా చూడాలి. చిన్నవి పెరగడం లేదంటే దానికి మందు లేదు, పెద్దవాటిని దఫాలుగా తీసేస్తే మిగతావి అందుకుంటాయి.

ఎకరంలో 8 వేల పిల్లలు వదిలి, 60 శాతం బతికి, సగటున 30 గ్రాములు ఉన్నప్పుడు చెరువులో 144 కిలోల రొయ్య ఉంటుంది. దానికి 3 శాతం మేత అంటే రోజుకు 4 కిలోల పైచిలుకు, కిలోకు 5 గ్రాముల చొప్పున సప్లిమెంట్ రోజుకు దాదాపు 22 గ్రాములు. రోజూ పెట్టాల్సిన అవసరం కూడా లేదు, రక్షణను రెచ్చగొట్టే సారాలు ఆపకుండా పెడితే ప్రభావం తగ్గిపోతుంది, వారం పెట్టి రెండు వారాలు ఆపడం, వాన పడి నీళ్లు మారే ముందు, చలి మొదలయ్యే ముందు పెట్టుకోవడం సరిపోతుంది. ఈ లెక్కన నెలకు పావు కిలో కూడా పట్టని చోట ఎవరైనా ఎకరానికి ఐదు కిలోల డబ్బా రాసిస్తుంటే, ఆ మోతాదు ఎకరాకు లక్ష పైన వనామి వేసిన చెరువుది. లెక్క ముందు పెట్టి, ఇక్కడి రొయ్యకు ఎంత కావాలో అమ్మేవాళ్లనే చెప్పమని అడగండి.